శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ: పన్నెండు గొంతుల కోసం

(క్వయర్ గాయకుల శిక్షణ శిబిరంలో ఇచ్చిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ ప్రభువు పేరట వందనాలు. పాస్టరుగారికి, పెద్దలకు, క్వయర్‌లో పాడే తమ్ముళ్ళకు చెల్లెళ్ళకు నమస్కారం.

మన సికింద్రాబాదులో వెస్లీ అనే పేరు వినని క్రైస్తవ కుటుంబం ఉండదు. వెస్లీ చర్చి ఉంది, వెస్లీ స్కూలు ఉంది, ఇక్కడ కూర్చున్నవాళ్ళలోనే ఆ పేరున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నైజాం రాజ్యంలోకి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీల వల్ల ఆ పేరు మనకు వచ్చింది. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని కట్టించిన పోస్నెట్ దొరగారు ఆ మిషన్ మనిషే. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టింది జాన్ వెస్లీ, వేలకొద్దీ కీర్తనలు రాసింది ఆయన తమ్ముడు చార్లెస్ వెస్లీ. ఇంతవరకు మీకు తెలుసు. నేనివాళ చెప్పబోయేది ఆ చార్లెస్‌గారి మనవడి గురించి. పేరు శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ. మిషనరీ కాడు, ప్రసంగీకుడు కాడు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కేథడ్రళ్ళలో, అంటే బిషప్పుల పెద్ద చర్చిలలో, జీతానికి ఆర్గన్ వాయించి, పిల్లలకు పాట నేర్పుతూ, ఆంథమ్‌లు, అంటే క్వయర్ పాడటానికి బైబిలు మాటలకు కట్టిన పాటలు, రాసిన ఉద్యోగి. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు చర్చి సంగీతం రాసినవాళ్ళలో నా లెక్కలో ఆయనకు సాటివచ్చేవారు లేరు.

1810 ఆగస్టు 14న లండన్‌లో పుట్టాడు. తండ్రి పేరు కూడా శామ్యూలే. ఆయనా గొప్ప ఆర్గనిస్టు. జర్మనీలో బాఖ్ అనే మహానుభావుడు ఉండేవాడన్న సంగతి ఇంగ్లండ్‌లో చాలామందికి పట్టని రోజుల్లో బాఖ్ సంగీతాన్ని అచ్చువేయించి, వాయించి, ఊరంతా చాటినవాడు. కొడుక్కి సెబాస్టియన్ అని పేరు పెట్టింది యోహాన్ సెబాస్టియన్ బాఖ్ మీద భక్తితోనే. కానీ ఆ ఇంట్లో సుఖం లేదు. తండ్రి భార్యతో విడిపోయి, ఇంట్లో పనికి కుదిరిన సారా సూటర్ అనే అమ్మాయితో కాపురం పెట్టాడు. వాళ్ళకు పెళ్ళి కాలేదు. వాళ్ళ పిల్లల్లో మన సెబాస్టియనే పెద్దవాడు. తాతగారేమో ఇంగ్లండంతా పాడుకునే భక్తకవి, మనవడేమో లోకం దృష్టిలో పెళ్ళి కాని తల్లి బిడ్డ. దానికితోడు తండ్రికి మనోవ్యాధి, ఇంటినిండా అప్పులు. వెస్లీ పెద్దయ్యాక చీటికీ మాటికీ మనుషులమీద అనుమానపడేవాడనీ, చిన్నమాటకే మండిపడేవాడనీ రాసినవాళ్ళంతా ఈ బాల్యాన్ని కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

చిన్నప్పుడే రాజాస్థానపు ప్రార్థనామందిరం చాపెల్ రాయల్‌లో బాలగాయకుడయ్యాడు. అక్కడి గురువు విలియం హాస్ నాటకశాలలో కూడా సంగీతం నడిపేవాడు. కుర్రవాడిని అక్కడికీ తీసుకెళ్ళాడు. పదహారో ఏటికి లండన్‌లో ఒక చర్చికి ఆర్గనిస్టు, ఇరవై ఏళ్ళు వచ్చేసరికి సాయంత్రాలు ఇంగ్లిష్ ఆపెరా హౌస్‌లో పియానో, కోరస్ పని. ఈ నాటకశాల సంగతి గుర్తుపెట్టుకోండి. తరవాత ఆయన రాసిన ఆంథమ్‌లలో ఒక్కసారిగా వెలుగు పడినట్టు వినిపించే కార్డులు, అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాలు, ఎక్కడివంటే, సగం బాఖ్ నుంచి, సగం ఆ రంగస్థలం నుంచి.

1832లో, ఇరవై రెండో ఏట, హెర్‌ఫర్డ్ కేథడ్రల్ ఆర్గనిస్టు ఉద్యోగం వచ్చింది. వేల్స్ సరిహద్దు దగ్గర చిన్న ఊరు. ఆ ఏడాది నవంబరులో బాగుచేసిన ఆర్గన్‌ను మళ్ళీ తెరిచిన రోజు కోసం యెషయా 35వ అధ్యాయం తీసుకుని పెద్ద ఆంథమ్ రాశాడు. అరణ్యము, ఎండిన భూమి సంతోషించును అన్న మాటలతో మొదలవుతుంది. దాన్ని మరుసటి ఏడు, చర్చి సంగీతానికి ఇచ్చే గ్రెషమ్ బహుమతికి పంపాడు. ఇవ్వలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన, స్టీవెన్స్ అని, దానిమీద రాసిన మాట ఇప్పటికీ చెప్పుకుంటారు: తెలివైన పనే, కానీ కేథడ్రల్ సంగీతం కాదు అని. అంటే చర్చిలో పాట ఇలాగే ఉండాలని పెద్దలు గీసిన గీత దాటాడని అర్థం. ఇవాళ స్టీవెన్స్‌ను ఆ ఒక్క మాటకే తలుచుకుంటున్నాం, ఆంథమ్ మాత్రం ఇంకా పాడుతున్నారు.

ఇప్పుడు హెర్‌ఫర్డ్‌లోనే జరిగిన ఇంకో సంగతి దగ్గర కాస్త నిలబడదాం. ఒక ఈస్టరు పండగ. కేథడ్రల్‌లో పాడే పెద్ద గొంతులవాళ్ళు అక్కడ చాలావరకు చర్చి గురువులే, అంటే పాస్టర్లే. పండగపూట వాళ్ళ సొంత చర్చిలలో ఆరాధన జరిపించడానికి వెళ్ళిపోవాలి. ఆల్టో లేదు, టెనార్ లేదు, అంటే మధ్య గొంతులు లేవు. మిగిలింది బాలగాయకులు, అడుగు గొంతు పాడే ఒకే ఒక్క బాస్. ఆ బాస్ కూడా కేథడ్రల్ పెద్ద అయిన డీన్‌గారి ఇంటి బట్లరని ఒక కథ చెప్పుకుంటారు. బట్లరైనా కాకపోయినా, పిల్లలూ ఒక్క బాసూ తప్ప దిక్కులేని పండక్కి రాశానని వెస్లీయే పుస్తకంలో అచ్చువేయించాడు.

ఆ చేతిలో ఉన్న నాలుగు గొంతులతో ఏం చేశాడో చూడండి. మొదటి పేతురు పత్రిక మొదటి అధ్యాయం తీసుకున్నాడు. మధ్యలో ఒక పిల్లవాడు ఒంటరిగా, ఒకనినొకడు ప్రేమించుడి అన్న మాటలు పాడతాడు. మిగతా పిల్లలు బదులిస్తారు. చాలా తేలికైన రాగం, కానీ ఒక్క స్వరం కూడా వృథాగా ఉండదు. తరవాత ఆ మగ గొంతు వస్తుంది. సర్వశరీరులు గడ్డిని పోలినవారు. అలంకారం లేదు, హార్మొనీ లేదు, మాట పలికినట్టే పాడాలి, అదీ నెమ్మదిగా. గడ్డి ఎండును దాని పువ్వును రాలును. ఇక్కడికి వచ్చేసరికి శబ్దం దాదాపు అడుగంటిపోతుంది. వింటున్నవాళ్ళు ముందుకు వంగుతారు. అప్పుడు...

(కీబోర్డుమీద కార్డు వాయించారు.)

ఇది. ఆర్గన్ మొత్తం విప్పి ఒక్క డామినెంట్ సెవెంత్ కార్డు, తరవాత ఏదో రావాలని చెవిని లాగే కార్డు. చర్చి గోడలు అదిరిపోతాయి. వెంటనే అందరూ కలిసి, అయితే ప్రభువు వాక్యము ఎల్లప్పుడును నిలుచును. ఆ కార్డు కొత్తదేమీ కాదు, హార్మొనీ నేర్చుకున్న మొదటి ఏడాదే మీ చేతికొస్తుంది. అది పెట్టిన చోటు కొత్తది. "అయితే" అనే మాట ఎంత బరువైనదో ఆ కార్డు చెబుతుంది. పాడేవాళ్ళు లేరు కాబట్టి ఆ పని ఆర్గన్‌కు అప్పజెప్పాడు.

ఈ కథ విన్న చాలామంది, చూశారా, ఉన్న నలుగురితోనే ఎంత అద్భుతం చేశాడో, మనసుంటే మార్గముంటుంది అంటారు. నాకు ఆ మాట నచ్చదు. వెస్లీకీ నచ్చదు. ఆయన తక్కిన నలభై ఏళ్ళూ పోట్లాడింది సరిగ్గా ఆ మాట అనేవాళ్ళతోనే. ఒకసారి నలుగురితో గట్టెక్కించాడంటే, ఎప్పుడూ నలుగురే చాలని కాదు.

హెర్‌ఫర్డ్‌లో డీన్ మెర్‌వెదర్‌గారి చెల్లెలు మేరీ ఆన్‌ను 1835లో పెళ్ళిచేసుకున్నాడు. అదే ఏడు ఎక్సెటర్ కేథడ్రల్‌కు మారాడు. అక్కడి ఏడేళ్ళ గురించి క్లుప్తంగా చెబుతాను. 1839లో ఆక్స్‌ఫర్డ్ నుంచి సంగీతంలో డాక్టరేటు వచ్చింది. మరుసటి ఏడు ఒక్కగానొక్క ఆడపిల్ల పసితనంలోనే చనిపోయింది. కేథడ్రల్ అధికారులతో తగాదాలు ముదిరాయి. బాలగాయకులిద్దరిని కొట్టాడన్న అభియోగం కూడా వచ్చింది. ఆయన సంగీతమంటే నాకెంత ప్రాణమైనా పిల్లలమీద చెయ్యి చేసుకోవడాన్ని సమర్థించను.

1842లో ఎవరూ ఊహించని పని చేశాడు. కేథడ్రల్ ఉద్యోగం వదిలి లీడ్స్ అనే మిల్లుల ఊళ్ళో ఒక పారిష్ చర్చికి, అంటే ఆ ఊరి మామూలు చర్చికి, వెళ్ళాడు. అక్కడి వికార్, అంటే ఆ చర్చి పాస్టరు, వాల్టర్ హుక్ మామూలు మనిషి కాదు. పొగగొట్టాల మధ్య కొత్త చర్చి కట్టించి, రోజూ కేథడ్రల్ తరహాలో పాటలతో ఆరాధన జరగాలని పట్టుబట్టి, క్వయర్‌కు జీతాలు ఏర్పాటుచేశాడు. వెస్లీకి ఏడాదికి 200 పౌండ్లు. ఒక పారిశ్రామిక పట్టణపు చర్చి కేథడ్రళ్ళకన్నా బాగా తన గాయకులను చూసుకుంటోంది! ఆ ధైర్యంతోనే ఆయన E మేజర్ అనే శ్రుతిలో తన పెద్ద సర్వీసు పూర్తిచేశాడు. సర్వీసంటే ఉదయ, సాయంకాల ప్రార్థనల్లో పాడే గీతాలన్నిటికీ కలిపి కట్టిన సంగీతం. దాన్ని 1845లో అచ్చువేస్తూ ముందుమాటలో కేథడ్రళ్ళ దుస్థితిని ఉతికి ఆరేశాడు. పాటల పుస్తకానికి అలాంటి ముందుమాట రాసేవారు అరుదు.

లీడ్స్‌లో ఉండగానే కాలు విరిగింది. ఆయనకు చేపలు పట్టడమంటే పిచ్చి. ఉద్యోగానికి అర్జీ పెట్టేముందు ఆ ఊరి దగ్గర మంచి ఏరుందో లేదో చూసుకునేవాడని చెబుతారు. 1847 డిసెంబరులో యార్క్‌షైర్‌లో హెల్మ్‌స్లీ దగ్గర గాలమేయడానికి వెళ్ళి పడిపోయాడు. ఎముక చర్మాన్ని చీల్చుకు వచ్చిందట. నెలల తరబడి అక్కడే ఒక సత్రంలో మంచాన పడివున్నాడు. అప్పుడు రాసిన ఆంథమ్ కీర్తన 51 నుంచి. నీ సన్నిధిలోనుండి నన్ను త్రోసివేయకుము అని మొదలై, నీవు విరిచిన యెముకలు హర్షించును అన్న చోటికి వస్తుంది. ఆ ఎముకల దగ్గర హార్మొనీ ఎంత నొప్పిగా మెలికలు తిరుగుతుందో ఒకసారి వింటే మరిచిపోరు. ఆల్టోలు ఆ చోట అర్ధస్వరం దిగేటప్పుడు తొందరపడకూడదు. నొప్పి వినబడాలి.

ఇక ఆయన పుస్తకం. 1849లో వచ్చింది. కేథడ్రల్ సంగీతం గురించి కొన్ని మాటలు, దానికొక సంస్కరణ పథకం అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. పాటగాళ్ళందరూ చదవవలసింది ఇది.

పరిస్థితి ఇది. కేథడ్రల్‌లో రోజుకు రెండుసార్లు పాడే ఆరాధన. పాడే మగవాళ్ళను లే క్లర్కులంటారు, హెర్‌ఫర్డ్‌లోలా గురువులు కారు, జీతగాళ్ళు. ఆ జీతం పొట్టకు చాలదు. కాబట్టి వాళ్ళు దుకాణాలు పెట్టుకునేవాళ్ళు, చేతిపని చేసుకునేవాళ్ళు. పని ఉన్న రోజు రారు. వయసైపోయినా తీసేయరు, గొంతు పోయినా అక్కడే ఉంటారు, ఎందుకంటే పెన్షన్ లేదు. మరోవైపు 1840లో వచ్చిన చట్టం కేథడ్రళ్ళ ఆదాయంలో పెద్ద భాగం తీసి పేద పారిష్‌లకు మళ్ళించింది. ఉద్దేశం మంచిదే, కానీ మిగిలిన దానిలో సంగీతానికి ఎవరూ పెద్దగా పట్టించుకుని కేటాయించలేదు.

వెస్లీ అడిగిందేమిటి? తక్కువలో తక్కువ పన్నెండు మంది మగగాయకులు. ఈ పన్నెండు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. కేథడ్రల్ క్వయర్ రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడుతుంది. ఒక్కో వరసలో ఆల్టో, టెనార్, బాస్. ఒక్కో గొంతుకు ఇద్దరు. మూడు రెళ్ళు ఆరు, రెండు వరసలకు పన్నెండు. ఒకడికి జలుబు చేసినా పక్కవాడు పాట నిలబెడతాడు. సోలో పాడేవాడు సోలో పాడితే మిగిలినవాడు కోరస్‌లో ఉంటాడు. అంతే, ఇందులో ఆడంబరం ఏముంది? వాళ్ళకు వేరే ఉద్యోగం చేయక్కర్లేనంత జీతం, ఆర్గనిస్టును పనివాడిలా కాక సంగీతం తెలిసిన పెద్దగా చూడటం, గాయకులకు ఆర్గనిస్టులకు చదువుచెప్పే కాలేజి. ఇవీ ఆయన కోరికలు. కేథడ్రళ్ళ అధికారులు చదివారు, పక్కన పెట్టారు.

ఆయన్ని చరిత్రలో కోపిష్టి అని రాసిపెట్టారు. కోపం ఉంది, కాదనను. అయితే ఆ కోపాన్నీ ఆయన హార్మొనీనీ విడదీసి చూడకండి. పొద్దున రాసుకున్న అయిదు గొంతుల సంగీతం సాయంత్రం మూడు గొంతులతో, అందులో ఒకటి శ్రుతి తప్పి, వినవలసి వచ్చినవాడి కోపం అది. దేవుడి ముందు పాడేదాన్ని నేర్చుకుని పాడాలి, పాడినవాడికి కూలి ఇవ్వాలి అన్న ఒక్క నమ్మకమే అటు సంగీతమూ, ఇటు పోట్లాటా అయింది.

1849లోనే వించెస్టర్ కేథడ్రల్‌కు మారాడు. కొడుకులను అక్కడి పెద్ద స్కూల్లో చదివించుకోవచ్చన్నది ఒక కారణం. అక్కడ పదహారేళ్ళు. మరుసటి ఏడు లండన్ రాయల్ అకాడమీలో ఆర్గన్ ప్రొఫెసర్ పదవీ వచ్చింది. 1851లో లండన్‌లో మహా ప్రదర్శన జరిగింది కదా, ఆ గాజు భవనంలో హెన్రీ విల్లిస్ అనే యువకుడు కట్టిన బ్రహ్మాండమైన ఆర్గన్ పెట్టారు. వెస్లీ దాన్ని వాయించి, చూసి, కేథడ్రల్ పెద్దలను ఒప్పించి కొనిపించాడు. కాస్త కుదించి 1854లో వించెస్టర్‌లో నిలబెట్టారు. అప్పటివరకు ఇంగ్లీషు ఆర్గన్లలో చాలావాటికి కాళ్ళతో వాయించే పెడల్ వరస సరిగ్గా ఉండేది కాదు. బాఖ్ పేరు పెట్టుకున్నవాడు పెడళ్ళు లేని ఆర్గన్‌తో ఎలా సరిపెట్టుకుంటాడు?

ఇదే మనిషిలో ఒక వింత ఉంది. ఆర్గన్‌ను ఈక్వల్ టెంపరమెంట్‌లో శ్రుతి చేయడానికి ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. పన్నెండు స్వరస్థానాలనూ సమానంగా పంచితే ఒక్క కార్డూ శుద్ధంగా పలకదని ఆయన బాధ. హార్మోనియం శ్రుతి మీద మన కచేరీ విద్వాంసులు పడే బాధే అది. లివర్‌పూల్‌లో సెయింట్ జార్జ్ హాలుకు విల్లిస్ కట్టిన పెద్ద ఆర్గన్‌కు కూడా పాత పద్ధతిలోనే శ్రుతి చేయించాడు. తీరా ఆయన రాసే సంగీతం చూస్తే ఒక్కో ఆంథమ్‌లో ఎక్కడెక్కడి శ్రుతులకో వెళ్ళి వస్తుంది. పాత పద్ధతిలో అవి వాయిస్తే కొన్ని కార్డులు చెవి కోస్తాయి. తరవాత లివర్‌పూల్ వాళ్ళు దాన్ని మార్చేశారు. ఈ రెంటినీ ఆయన మనసులో ఎలా కలుపుకున్నాడో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

వించెస్టర్‌లోనే, నీమీద ఆనుకొనువానిని పూర్ణశాంతిలో కాపాడుదువు అన్న యెషయా మాటలకు చేసిన చిన్న ఆంథమ్ పుట్టింది. అయిదు గొంతులు, ఆర్భాటం లేదు, అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. నన్నడిగితే ఆయన రాసినవాటిలో అదే శిఖరం. 1853లో పన్నెండు ఆంథమ్‌లు ఒక సంపుటిగా అచ్చయ్యాయి. ఇవాళ ఆయన పేరు నిలిచింది ప్రధానంగా ఆ ఒక్క పుస్తకం మీదే.

1864లో వేరే కీర్తన కోసం ఒక ట్యూన్ కట్టాడు. ఆరీలియా దాని పేరు. నాలుగేళ్ళకు ఒక పాటల పుస్తకం సంపాదకులు దాన్ని, క్రీస్తే సంఘానికి పునాది అని చెప్పే శామ్యూల్ స్టోన్ గారి కీర్తనకు జతచేశారు. అంతే, అప్పటినుంచి ఇంగ్లీషులో ఆరాధన జరిగే ప్రతి చోటా అది మోగుతూనే ఉంది. మన ఊళ్ళో ఇంగ్లీషు సర్వీసులకు వెళ్ళేవాళ్ళందరికీ కంఠతా వచ్చు. తాతగారు చార్లెస్ వెస్లీ మాటలకు మనవడు కట్టిన ట్యూన్ కూడా ఒకటుంది, హెర్‌ఫర్డ్ అంటారు. 1872లో ఆయన తెచ్చిన పెద్ద ట్యూన్ల సంపుటిలో వచ్చింది. మనవడు పుట్టడానికి ఇరవై రెండేళ్ళ ముందే తాతగారు పోయారు. ఇద్దరూ కలిసింది ఆ పాటలోనే.

ఆయన్ని దేవుడిని చేసి చూపించడం నాకిష్టం లేదు. వించెస్టర్‌లో చాలాసార్లు ఆరాధనకు రాలేదని అధికారులు మందలించారు. శిష్యులను ఆర్గన్ దగ్గర కూర్చోబెట్టి ఏటికి వెళ్ళిపోయేవాడు. మంచి క్వయర్ కావాలని పుస్తకం రాసినవాడు తన చేతికిందున్న పిల్లలకు రోజూ ఓపిగ్గా పాఠం చెప్పలేదన్నది నిజం. కానీ దగ్గరి స్కూల్లో చదువుతున్న హ్యూబర్ట్ పారీ అనే బాలుడిని చేరదీసి సంగీతం మీద ఆశ కలిగించింది కూడా ఈయనే. ఆ బాలుడు పెద్దయి ఇంగ్లండ్‌లో పెద్ద స్వరకర్త అయ్యాడు.

1865లో గ్లోస్టర్‌లో ఆర్గనిస్టు పదవి ఖాళీ అయితే, ఎవరిని వేయమంటారని అక్కడివాళ్ళు ఈయన్ని సలహా అడిగారు. నేనే వస్తున్నానని జవాబిచ్చాడట. అక్కడ మూడు కేథడ్రళ్ళ క్వయర్లు కలిసి జరిపే త్రీ క్వయర్స్ ఉత్సవాలు నడిపించాడు, 1871లో బాఖ్ రాసిన మత్తయి సువార్త ప్రకారం శ్రమల గానాన్ని వాటిలో పాడించాడు. తండ్రి కల కొడుకు చేతుల మీదుగా తీరింది.

1873లో ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ రెండిట్లో ఒకటి కోరుకోమన్నాడు: నైట్ బిరుదు, లేదా ఏడాదికి 100 పౌండ్ల పెన్షన్. వెస్లీ పెన్షన్ తీసుకున్నాడు. పాటగాడికి గౌరవం కన్నా ముందు జీవనం అని ఇరవై నాలుగేళ్ళ క్రితం పుస్తకంలో రాసినవాడు ఇంకేం కోరుకుంటాడు? 1875 క్రిస్మస్ రోజున ఆఖరిసారి ఆరాధనకు వాయించాడు. జనం బయటికి వెళ్తుంటే హాండెల్ హల్లెలూయా వాయించాడు. 1876 ఏప్రిల్ 19న పోయాడు. గ్లోస్టర్‌లో కాదు, ఎక్సెటర్‌లో, చిన్ననాడే పోయిన కూతురి పక్కన పాతిపెట్టమన్నాడు.

సరే, మీ చేతుల్లో ఉన్న కాగితాలు తీయండి. 1861లో ఒక చర్చి ఆర్గన్ ప్రారంభానికి రాసిన పెద్ద ఆంథమ్‌లో ఇది చివరి భాగం. అయిదో కీర్తన: నీ నీతినిబట్టి నన్ను నడిపింపుము. ముందు సోప్రానో ఒక్కరే ఒక వరస పాడతారు, అదే వరసను అందరూ నాలుగు గొంతుల్లో తిరిగి పాడాలి. రెండో వరసా అంతే. తేలికగా కనబడుతుంది కాబట్టి ఈడ్చేస్తారు, జాగ్రత్త. వరస చివర ఊపిరి అందరూ ఒకేచోట తీసుకోవాలి. టెనార్లు ఇవాళ ముగ్గురే వచ్చారు. వచ్చే వారానికి ఇంకో ఇద్దరిని పట్టుకురండి, వాళ్ళ బస్సు ఖర్చులు క్వయర్ ఫండ్‌లోంచి ఇమ్మని పాస్టరుగారిని నేను అడుగుతాను. ఇప్పటికి ఉన్నవాళ్ళతో మొదలుపెడదాం. శ్రుతి ఇస్తున్నాను.